ఎనిమిదో ల్యాప్

పోయిన ఆగస్టులో జరిగిన ఇంటర్ కాలేజియేట్ మీట్‌లో అమ్మాయిల 5000 మీటర్లు నేను పూర్తి చేయలేదు. మొత్తం పన్నెండున్నర ల్యాపులు. ఎనిమిదో ల్యాప్‌లో ట్రాక్ దిగి, గ్యాలరీ వెనకున్న బాత్రూమ్‌కి పరిగెత్తాను. ఆ రోజు నువ్వు నిజంగా స్పీడ్‌గా పరిగెత్తింది అదొక్కటేనే అని మా క్లాస్‌వాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. అందరికీ ఎండదెబ్బ అని చెప్పాను. అనంతపురంలో ఎండదెబ్బ అంటే మళ్లీ ఎవరూ అడగరు.

అసలు కారణం ఒక తెల్లటి పొడి. సోడియం ఫాస్ఫేట్.

ఫస్ట్ ఇయర్‌లో నా టైమింగ్ 21 నిమిషాల 30 సెకండ్లు. సెకండ్ ఇయర్ అయిపోయేసరికి అది 22:40కి జారింది. రోజూ తెల్లవారుజామున లేస్తున్నా, ఒక్క రోజు కూడా ప్రాక్టీస్ మానకున్నా, హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేసరికే ఆయాసం. నాలో ఏదో తక్కువైందని తెలుస్తోంది, ఏం తక్కువో తెలీదు. అప్పుడు మా సీనియర్ అక్క ఒకామె ఈ పొడి సంగతి చెప్పింది. "రేసుకు ముందు మూడు రోజులు తింటే కండరాలకు ఆక్సిజన్ బాగా అందుతుందంటనే. బ్యాన్ లిస్టులో కూడా లేదు." ఆ మాట నిజమే, వాడా నిషేధిత జాబితాలో ఫాస్ఫేట్ లేదు. ఆన్‌లైన్‌లో డబ్బా ధర చూస్తే ఇంచుమించు ఒక డీఏపీ మూట ధర. మూట 1350 రూపాయలు అని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ల్యాబ్ రికార్డులకని అబద్ధం చెప్పి నాయనతో డబ్బులు వేయించుకున్నాను. అది శెనక్కాయ విత్తే వారం. రెండు మూటలు తేవాల్సినోడు ఒకటే తెచ్చినాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఈ పొడి వెనక ఉన్న సైన్స్ బూటకమేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మన ఎర్ర రక్తకణాల్లో 2,3-డీపీజీ అనే ఫాస్ఫేట్ అణువు ఒకటి ఉంటుంది. హిమోగ్లోబిన్ బస్సు అనుకుంటే ఇది కండక్టర్. ఊపిరితిత్తుల దగ్గర ఎక్కిన ఆక్సిజన్‌ని కండరాల స్టాప్ రాగానే "దిగండి దిగండి" అని దించుతుంది. ఒంట్లో ఫాస్ఫేట్ పెంచితే కండక్టర్లు పెరుగుతారు, ఆక్సిజన్ ఎక్కువ దిగుతుంది, ఇదీ లెక్క. ఫాస్ఫేట్‌తో మనిషి పనిసామర్థ్యం పెరుగుతుందా అని జర్మనీలో గుస్టాఫ్ ఎంబ్డెన్ బృందం 1921లోనే పరీక్షించింది. గేటొరేడ్ కనిపెట్టిన రాబర్ట్ కేడ్ 1984లో బాగా శిక్షణ ఉన్న రన్నర్లకు రోజుకు 4 గ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే, వాళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పెరిగింది. తర్వాత చేసిన ప్రయోగాలు కొన్ని అవునన్నాయి, కొన్నింట్లో ఏ తేడా కనపడలేదు. నేను మాత్రం అవునన్నవే చదివాను. పరీక్షకు ముందు రోజు ఇంపార్టెంట్ క్వశ్చన్లు మాత్రమే చదివినట్టు.

చదవనిది ఇంకోటుంది. సోడియం ఫాస్ఫేట్ పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. పెద్దపేగు పరీక్షకు ముందు కడుపు ఖాళీ చేయించడానికి డాక్టర్లు వాడిన మందు ఇదే. అలా ఎక్కువ మోతాదులో తీసుకున్న కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయని 2008లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక కూడా ఇచ్చింది. ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నా మోతాదు అంత పెద్దది కాదు గానీ, మన ఊరి ఎండలో, రేసుకు ముందు కడుపు బరువు అవుతుందని నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా ట్రాక్ ఎక్కాను. బాత్రూమ్‌తో పోయింది. ఇంకా పెద్దదే జరిగి ఉండొచ్చు.

కథ అక్కడితో అయిపోయేదే. సెప్టెంబరులో మా కాలేజీలో ఎన్ఎస్ఎస్ వాళ్ల రక్తదాన శిబిరం పెట్టారు. ఫ్రెండ్స్‌తో పాటు నేనూ లైన్లో నిలబడ్డాను. వేలు గుచ్చి చూసి, "నీది తీసుకోలేం పాపా, నీకే ఎక్కించాలేమో" అని నవ్వాడు టెక్నీషియన్. దానం చేయాలంటే 12.5 ఉండాలి. నా హిమోగ్లోబిన్ 10.4.

టౌన్లో ఒక లేడీ డాక్టర్‌కి చూపించుకున్నాను. టెస్టుల్లో ఐరన్ నిల్వలు అడుగంటాయని తేలింది. ఫాస్ఫరస్ నిక్షేపంగా ఉంది, 3.9. పొడి సంగతి సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె తిట్టలేదు. "రక్తం తక్కువున్నోళ్లలో 2,3-డీపీజీని ఒళ్లే పెంచుకుంటుందమ్మా. ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ పూర్తిగా దించుకోవాలి కదా" అంది. అంటే నేను డబ్బు పోసి కొన్న పనిని నా ఒళ్లు అప్పటికే ఫ్రీగా చేసిపెడుతోంది. కండక్టర్లకు కొదవలేదు, బస్సులే తక్కువ.

తర్వాత ఆమె నెలసరి గురించి అడిగింది. ఎన్ని రోజులు, ఎంత ఎక్కువగా అని. రెండేళ్లుగా నా ల్యాప్ టైములు సెకన్లతో సహా రాసుకుంటున్న డైరీలో ఆ విషయం ఒక్క లైను కూడా లేదు. సార్‌కి చెప్పే సంగతి కాదనుకున్నాను, సార్‌కీ అడిగే సంగతి కాదనిపించి ఉంటుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు గురించి కూడా అడిగింది. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనీయదంట. మా హాస్టల్లో అన్నం లేకపోయినా బతుకుతారేమో గానీ, ఆ టీ లేకపోతే కష్టం.

దసరాకి ఇంటికి పోయినప్పుడు నాయనకు అన్నీ చెప్పేశాను, ల్యాబ్ రికార్డుల అబద్ధంతో సహా. అరుస్తాడనుకున్నా. లేచి పోయి, దేవుని పటం వెనక నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. మా చేని సాయిల్ హెల్త్ కార్డు. "చదువు పాపా" అన్నాడు. భాస్వరం: ఎక్కువ. జింకు: తక్కువ.

"మరి డీఏపీ ఎందుకేస్తాండావ్ నాయనా?"

"అందరూ ఏస్తాండారు కదా."

డీఏపీలో P2O5 లెక్కన నూటికి 46 పాళ్లు భాస్వరమే. నత్రజని లాగా అది నీళ్లతో కొట్టుకుపోదు, ఏసినచోటే మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేలలో, ఆ తేమ కూడా లేని ఏడాది ఉన్న భాస్వరం కూడా వేరుకు అందదు. ఇదంతా నాయనకు నేను లెక్చర్ ఇవ్వబోయాను. పొడి తిన్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని ఇస్తా? ఊరుకున్నాను. ఆ పూట సంగటిలోకి ఊరుబిండి చేసింది అమ్మ. నూరు గ్రాముల శెనక్కాయల్లో 350 మిల్లీగ్రాములకు పైనే ఫాస్ఫరస్ ఉంటుంది. మా చేన్లో పండే దాన్ని నేను డబ్బాలో తెప్పించుకున్నానన్నమాట.

ఐరన్ మాత్రలు నాలుగు నెలలు వాడాను. నిమ్మకాయ నీళ్లతో వేసుకోవడం, టీని అన్నానికి రెండు గంటలు దూరం పెట్టడం, రెండోదే కష్టమైంది. జనవరికి హిమోగ్లోబిన్ 12.1. పోయిన వారం టైమింగ్ 21:50. ఫస్ట్ ఇయర్ నాటి నన్ను ఇంకా 20 సెకండ్లు వెనక నుంచే చూస్తున్నా.

డబ్బాలో సగం పొడి మిగిలింది. సంక్రాంతికి ఇంటికి తీసుకుపోతే నాయన మూత తీసి వాసన చూసినాడు.

"ఫాస్ఫేటే కదా, చేనికి చల్లేద్దామా?"

"సోడియం ఉంది నాయనా, మట్టి చౌడుబారుతుంది."

"చేనికీ పనికిరాదు, నీకూ పనికిరాలేదు. ఇంక దేనికని అమ్ముతాండారే దీన్ని?"

దేనికో నాకు తెలుసు. అమ్మ పక్కనే కూర్చుని భోంచేస్తోంది కదా అని చెప్పలేదు.