పడని ఇద్దరి దోస్తీ

మైకేల్ జె. సలివాన్ ‘ది క్రౌన్ టవర్’ మళ్ళీ చదువుతున్నా. 2013లో వచ్చిన నవల. అంతకుముందు ఆయనే రాసిన రిరియా కథల్లో రాయిస్, హేడ్రియన్ పన్నెండేళ్ళ పాత జోడీ. ఈ పుస్తకం వాళ్ళిద్దరూ మొదటిసారి కలిసిన కథ.

జరగబోయేది ముందే తెలుసు కదా, ఇక చదవడం ఎందుకు అంటారా? ఇద్దరూ బతికే ఉంటారు, ప్రాణస్నేహితులవుతారు. నిజమే. కానీ ఇక్కడ ఒకరంటే ఒకరికి ఒళ్ళుమంట! రాయిస్ దొంగ, హంతకుడు, ఎవర్నీ నమ్మడు. హేడ్రియన్ మూడు కత్తులు మోసుకు తిరిగే మాజీ సైనికుడు, అడిగినా అడక్కపోయినా మాట కలుపుతాడు. ఆర్కేడియస్ అనే ముసలి ప్రొఫెసర్ ఇద్దర్నీ బలవంతాన జతకట్టి, క్రౌన్ టవర్‌లోని ఒక పుస్తకం కొట్టేసుకు రమ్మంటాడు. (ఇలాంటి మాస్టార్లు కథల్లోనే బాగుంటారు.)

సలివాన్ తొందరపడడు, అదే నాకు నచ్చింది. కౌగిలింతలూ కన్నీళ్ళూ లేవు. సణుగుడు, ఎత్తిపొడుపులు, ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం అందించే చెయ్యి. ఇదే నవలలో మెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఉండే గ్వెన్ అనే అమ్మాయి కథ ఇంకా బావుంటుంది, దానికోసమైనా చదవాలి.

రిరియా సిరీస్‌కి కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టొచ్చు. నన్నడిగితే మాత్రం ముందు ఆ పాత రిరియా కథల ‘థెఫ్ట్ ఆఫ్ స్వోర్డ్స్’ చదవండి.