గుమాన్, యకీన్

మా ఆపా కొడుకు అమెరికాలో హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నాడు. మామూలు లైసెన్స్ వచ్చేసింది. ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం మెహనత్ చేస్తున్నాడు. అంటే మబ్బులో, పొగమంచులో బయట ఏమీ కనిపించనప్పుడు మీటర్లు చూసి నడపడం. అక్కడి ఖానూన్ ప్రకారం దీనికి కనీసం 40 గంటల మష్క్ కావాలి. అందులో 15 గంటలైనా ఉస్తాద్ దగ్గర చెయ్యాలి.

ఆపాకి ఇది నచ్చలేదు. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలిన ఖబర్ ఆమె దిల్‌లో ఇంకా అలాగే ఉంది. "మౌసమ్ ఖరాబుంటే ఇంట్ల కూసోవాలె గానీ, అండ్ల ఎగురుడు నేర్చుకునుడేందిరా?" అని నాకు ఫోన్ చేసింది.

నేను వాడినే అడిగాను. "మామూ, తలకి హుడ్ తగిలిస్తారు. మీటర్లు తప్ప ఇంకేం కనిపించవు. కాసేపటికి ఎడమకి ఒరిగిపోతున్నానని ఒళ్లంతా చెప్తుంది. మీటర్ చూస్తే సీదాగానే ఉంటా. ఒంటి మాట విన్నానో, ఖతం" అన్నాడు.

అసలు సంగతి లోపలి చెవిలో ఉంది. అక్కడి సన్నటి గొట్టాల్లో ద్రవం కదిలితే మనం తిరుగుతున్నామని దిమాగ్‌కి తెలుస్తుంది. ఒకే తీరున తిరుగుతూ పోతే కాసేపటికి ఆ కబురు ఆగిపోతుంది, సీదాగా పోతున్నట్టే అనిపిస్తుంది. నేల కనిపిస్తే కళ్లు ఈ గలతీని సరిచేస్తాయి. మబ్బులో అది కుదరదు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు ఈ తాలీమ్ లేని 20 మందిని విమానంలో పరీక్షించారు. బయట కనిపించకపోతే అదుపు తప్పడానికి సగటున 178 సెకన్లు పట్టింది. హెలికాప్టర్‌కి విమానమంత నిలకడ కూడా ఉండదు.

రేటింగ్ ఒక్కటే ఉంటే సరిపోదు. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కోబీ బ్రయంట్, ఆయన కూతురితో సహా 9 మంది చనిపోయారు. ఆ పైలట్‌కి ఈ రేటింగ్ ఉంది. మబ్బుల్లో ఉండి, పైకి పోతున్నానని కంట్రోలర్‌తో అన్నాడు. అప్పుడు హెలికాప్టర్ ఎడమకి తిరుగుతూ కిందికి దిగుతోంది. ఆయనది గుమాన్, మీటర్లది హకీకత్. మౌసమ్ చూసి ముందే వాపస్ తిరిగి ఉంటే ఆ ఇమ్తెహానే వచ్చేది కాదు.

ఆపాకి ఇదే చెప్పాను. "వాడిని ఆపకు, తాలీమ్ పూర్తి చెయ్యనీ. ఫోన్ చేసినప్పుడల్లా 'మౌసమ్ బాలేక ఎప్పుడన్నా వాపస్ వచ్చినవా బేటా?' అని అడుగు. వచ్చానంటే షాబాష్ అను. ఆ షాబాష్ ఇంటి నుంచే రావాలి. పైసలు కట్టి ఎక్కినోళ్లు ఇవ్వరు."