బందరు రోడ్డులో చలువ

మే నెల మధ్యాహ్నం బెజవాడ పీవీపీ మాల్‌కి వెళ్లేవాళ్లలో సగం మంది కొనడానికి కాదు, చల్లబడ్డానికే వెళ్తారని నా గట్టి నమ్మకం. నేనూ అంతే.

నిన్న మా అత్తయ్యని తీసుకెళ్లాను. ఎస్కలేటర్ ముందు చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఏరు దాటబోతున్నట్టు నిలబడిపోయింది. "మీరెళ్లండి నాయనా" అంటూ వెనకొచ్చిన వాళ్లందరికీ దారిస్తూనే ఉంది. చివరికి ఎవరో కాలేజీ పిల్ల "రండి మామ్మగారూ" అని చెయ్యి పట్టుకుని ఎక్కించేసింది.

పైకెళ్లాక భయం పోయింది. ఓ బట్టల షాపులో కుర్తీకి కట్టిన ధర చీటీ తిప్పి చూసి, "ఇదే బీసెంట్ రోడ్డులో అయితేనా..." అని బేరానికి దిగింది. సేల్స్ అమ్మాయి నవ్వి "ఫిక్స్‌డ్ రేటండీ" అంది. "బేరం లేని కొట్టూ ఓ కొట్టేనా" అని గొణుక్కుంది అత్తయ్య. అన్నట్టు, ఆ రోడ్డు పేరు అనీబిసెంట్‌ది. ఆవిడే ఇప్పుడొస్తే తోపుడుబళ్ల మధ్య నడిచే చోటు వెతుక్కోవాలి.

రెండు గంటలు తిరిగి మేం కొన్నది ఒక్క ఐస్‌క్రీమ్, ఇద్దరికీ కలిపి. బయటికి రాగానే సెగ మొహాన కొట్టింది. నేను ఆటో కోసం చెయ్యెత్తుతుంటే అత్తయ్య వెనక్కి తిరిగి చూసి, "ఇంకొక్కసారి ఆ మెట్లెక్కొద్దామా?" అంది.