యార్కుషైరు సీమలో ఇంగ్లీషు మాట

ఇంగ్లీషు చదివిన మన స్త్రీలలో ననేకులకు, ఆ భాష యంతటను నొక్కటే యనియు, లండను నగరమున నెట్లు పలుకుదురో యింగ్లండు దేశమంతటను నట్లే పలుకుదురనియు నొక నమ్మకము గలదు. ఆ నమ్మకముతో విమానము దిగి, కొడుకు కాఁపురము చూడవచ్చియో, ఆసుపత్రిలో దాదిగాఁ బనిచేయవచ్చియో లీడ్సు పట్టణము చేరిన స్త్రీకి మొదటి దినముననే గుండె జాఱును. ఎదుటివారు పలుకునది యింగ్లీషేనా యను సందేహము పుట్టును. రెండు దినములు గడచిన పిమ్మట ఆ సందేహము తనమీఁదికే మరలును. తన చదువే తక్కువయని సిగ్గుపడి నోరు మూసికొనును. అట్లు నెలల తరబడి గుమ్మము దాఁటక కూర్చుండిన తల్లులు కలరు. వారి నిమిత్తమే యీ సీమనుగూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

లండనులోని కింగ్సు క్రాసు రైలుస్టేషను 1852లోఁ దెఱవఁబడినది. అచ్చటనుండి యార్కు నగరము రమారమి 190 మైళ్లు. బండి రెండు గంటలలోఁ జేర్చును. కిటికీవెలుపల పచ్చిక బయళ్లు పెద్దగా మాఱవు కాని, బండిలో నెక్కువారి మాట మాఱిపోవుచుండును. స్నానమునకు లండనువారు ‘బాత్’ అని దీర్ఘమిత్తురు. ఉత్తరమువారు ఆ దీర్ఘమును త్రుంచి పొట్టిగాఁ బలికి విడుతురు. గడ్డిని జెప్పు ‘గ్రాస్’ అను మాటయు నంతియే. కప్పు ఇచ్చట ‘కుప్పు’నకు దగ్గఱగా వినఁబడును, బస్సు ‘బుస్సు’ మనును. నవ్వు వచ్చుట సహజమే కాని, ఇందులో నొక చిత్రమున్నది. ఇట్టి మాటలలో ఉకారమే పాతది. పదునేడవ శతాబ్దమున దక్షిణమువారు దానిని విడిచిరి, ఉత్తరమువారు విడువలేదు. ‘బాత్’లోని దీర్ఘము సయితము దక్షిణమువారు పిమ్మటఁ దెచ్చిపెట్టుకొన్నదే. ఇల్లు మార్చినవారు ఇల్లు కదలనివారిని జూచి నవ్వుట యన్నమాట!

రేఫ సంగతియు వినఁదగినది. మాట చివరను, హల్లునకు ముందును వచ్చు రేఫను దక్షిణమువారు పదునెనిమిదవ శతాబ్దమునుండి క్రమముగా మ్రింగివేసిరి. దానివలన లండను బాలునకు, వంటకములమీఁద పోసికొను ‘సాస్’ అను మాటకును, ఏటి పుట్టుకను దెలుపు ‘సోర్స్’ అను మాటకును ధ్వని యొక్కటే యైనది. వ్రాఁతలో నొకదానికొకటి వ్రాసి గురువుచేతఁ జీవాట్లు తినును. రేఫను నిండుగాఁ బలుకు స్కాట్లండు బాలునకును, మన తెలుఁగు బాలునకును ఆ తడఁబాటు కలుగదు.

అయినను లోకమున మర్యాద దక్షిణపు పలుకునకే దక్కినది. పండితుఁడైన డేనియల్ జోన్సు 1917లోఁ బ్రకటించిన యుచ్చారణ నిఘంటువు దక్షిణమునఁ గలవారి బిడ్డలు చదువుకొను బడులలోని పలుకును ఆధారముగాఁ గొన్నది. రేడియో వచ్చిన పిమ్మట బి.బి.సి. వారి వార్తలును ఆ పలుకులోనే సాగినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, యార్కుషైరులోని హాలిఫాక్సు ఊరివాఁడైన విల్ఫ్రెడ్ పికిల్సును దేశమంతటికి వార్తలు చదువ నియమించినప్పుడు శ్రోతలలోఁ గొందఱు ఫిర్యాదులు చేసిరి. బాంబులు పడుచున్న దినములలోఁ గూడ మనుష్యులకు యాసను దప్పుపట్టుటకుఁ దీఱిక దొరకినది!

యార్కు నగరమున దిగినవారికి మాటల చిక్కు వీధి పలకలమీఁదనే యెదురగును. స్టోన్‌గేటు, పీటర్‌గేటు, మికిల్‌గేటు అని వ్రాసియుండును. ద్వారముకొఱకు వెదకిన కనఁబడదు, అవి వీధులు. క్రీ.శ. 866లో నీ నగరమును బట్టుకొన్న డేనుల భాషలో వీధిని ‘గాట’ యనెడివారు. ఆ మాటయే గేటుగా నిలిచినది. నిజమైన కోటద్వారములను ‘బార్’ అందురు. మికిల్‌గేటు బార్ అనఁగా సారాయి దుకాణము గాదు, ఆ పేరిటి వీధికి మొగమైన రాతిద్వారము. బార్ అను పేరు విని మొగము త్రిప్పుకొని పోయినవారు మంచి కట్టడమును జూడక పోవుదురు.

వీధిలోని పొరపాటు నవ్వుతోఁ బోవును. ఇంటిలోనిది పరువునకు సంబంధించినది. ఇచ్చటి సామాన్య కుటుంబములలో మధ్యాహ్న భోజనమును ‘డిన్నర్’ అందురు. సాయంకాలము అయిదాఱు గంటలకుఁ జేయు భోజనమును ‘టీ’ అందురు. పొరుగింటియామె టీకి రమ్మని పిలిచినచో, ఇంటివద్దఁ గడుపునిండఁ దిని, తేనీరు మాత్రము త్రాగి వత్తమని పోరాదు. ఆమె మాంసమో కూరగాయలో వండి యెదురుచూచుచుండును. మాంసము ముట్టనివారు పిలుపు నందుకొన్ననాఁడే యామాట చెప్పుట మేలు. ‘టీ కేక్’ అనునది మఱియొక చిక్కు. దేశమున హెచ్చు తావుల నది యెండుద్రాక్షలు వేసిన తీపి రొట్టె. ఈ సీమ పడమటి యూళ్లలో నదే పేరు చప్పని గుండ్రని రొట్టెకుఁ జెల్లును. షెఫీల్డు, బార్న్‌స్లీ ప్రాంతముల పెద్దలనోట ‘స్పైస్’ అనఁగా మిఠాయి. మనుమఁడు స్పైసు కావలెనని యేడ్చిన మిరియాల డబ్బా తీయఁబనిలేదు.

‘వైల్’ అను మాటకు బడిలో మనము నేర్చిన యర్థము ‘ఉండఁగా’ యని. యార్కుషైరున నది ‘వఱకు’. తొమ్మిది వైల్ అయిదు అనిన తొమ్మిదినుండి అయిదువఱకు పని యని గ్రహింపవలెను. ‘నౌట్’ అనఁగా నేమియు లేదని. ‘ఔట్’ అనఁగా నేదైనను. ఈ కడపటిది ‘బయట’ యను మాటవలెనే చెవికిఁ దోఁచును.

ఆసుపత్రులలోఁ బనిచేయు మన యాఁడుబిడ్డలు ముఖ్యముగా నెఱుఁగవలసిన మాట యొకటి కలదు. ముసలియామె మంచముమీఁదనుండి తాను ‘స్టార్వ్‌డ్’ అనిన, ఆకలియని రొట్టె తెచ్చుట సహజము. ఆమెకుఁ గావలసినది కంబళి. ప్రాచీనమున ఈ మాటకుఁ జచ్చుట యని యర్థము. దక్షిణమున నది యాఁకటి చావుగాను, ఉత్తరమునఁ జలి బాధగాను మిగిలినది. చలికి వణఁకు రోగిమాట తెలియక పోవుట చిన్న విషయము గాదు. ఆమె తప్పు పలుకలేదు. దాదియుఁ దప్పు చదువలేదు. మరల నడుగుటకు సిగ్గుపడినప్పుడే కీడు.

అంగడిలో నెఱుఁగని పురుషుఁడు ‘లువ్’ అని పిలిచిన మన స్త్రీలు ఉలికిపడుదురు. దక్షిణపు ‘లవ్’ అను ప్రేమవాచకమే యది. ఇచ్చట దానికి మన ‘అమ్మా’ యనుదానికంటె నెక్కువ యర్థము లేదు.

ఈ మాటలన్నియు మోటువి, పోఁగొట్టవలసినవి యని యందఱు తలఁచుచుండఁగా వానిని పుస్తకమున కెక్కించిన మహనీయుఁడు ఈ సీమవాఁడే. బ్రాడ్‌ఫర్డు చేరువను ఎయిర్ నదియొడ్డున సాల్టైరు అను గ్రామమున్నది. టైటస్ సాల్టు అను ధనికుఁడు 1853లో నచ్చట ఉన్నిమిల్లు తెఱచి, పనివారికి రాతియిండ్లు కట్టించెను. ఒక వీధికి భార్యయైన కెరొలైన్ పేరును, కొన్నిటికి బిడ్డల పేర్లును బెట్టెను. 1855లో దగ్గఱి థాక్లీ గ్రామమునఁ బుట్టిన జోసఫ్ రైటు ఆఱేండ్ల ప్రాయమున రాతిగనిలో గాడిదబండి తోలి, పిమ్మట నీ మిల్లులో నూలుకండెలు మార్చు పనికిఁ గుదిరెను. పదునైదేండ్లు వచ్చువఱకు చదువ నేరఁడు. తోడివాఁడు పత్రిక చదువుచుండఁగా విని, తానును జదువవలెనని పట్టుపట్టి, రాత్రిబడికిఁ బోయి, జర్మనీలోని హైడెల్‌బర్గులో పట్టము వడసి, 1901లో ఆక్సుఫర్డున భాషాశాస్త్రాచార్యుఁడయ్యెను. పెరిగి పెద్దవాఁడగువఱకు తాను పలికిన విండ్‌హిల్ ఊరిమాటకు 1892లో వ్యాకరణము వ్రాసెను. 1898 మొదలు 1905 వఱకు ఇంగ్లీషు మాండలిక నిఘంటువును ఆఱు సంపుటములుగా వెలువరించెను.

ఆ పనిలో నతనికిఁ జేదోడుగా నిలిచినది భార్య ఎలిజబెత్ మేరీ. ఆమె క్రైస్తవ మతాచార్యుని కొమార్తె; ఆక్సుఫర్డున నతని శిష్యురాలు; 1896లో వివాహమాడెను. కలిగిన యిద్దఱు బిడ్డలును జిన్నతనముననే పోయిరి. ఆ దంపతులు కలిసి 1908లోఁ బ్రాచీనాంగ్ల వ్యాకరణమును బ్రకటించిరి. 1913లో ఎలిజబెత్ తాను ప్రత్యేకముగా, పల్లెమాటలను, పల్లె నమ్మకములను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. వంటింటి మాటలు, బిడ్డలను బుజ్జగించు మాటలు, రోగముల పేర్లు అందులో విరివిగాఁ గలవు. భర్త 1930లోఁ బోయిన పిమ్మట, 1932లో నతని జీవితచరిత్రమును రెండు సంపుటములుగా నామెయే వెలువరించెను.

సాల్టు మిల్లులో నేఁత 1986లో నిలిచిపోయినది. ఇప్పుడచ్చట చిత్రశాలయు, పుస్తకాల యంగడియు నున్నవి. గ్రామమంతయు 2001నుండి ప్రపంచ వారసత్వ స్థలముగా రక్షింపఁబడుచున్నది. లీడ్సునుండి రైలులోఁ బోయి, దిగినచోటనుండి నడచియే మిల్లు చేరవచ్చును. కాలువగట్టుననున్న బల్లమీఁద నొకగంట కూర్చుండిన, చెంతఁ బోవు ముసలమ్మలు తామే పలుకరింతురు.