నిద్రమాత్ర పుట్టిన ఊరికి

రాత్రి రెండున్నర. ఆఖెన్‌లో మా వీధిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. జర్మనీలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయకూడదు కదా, ఆ వేళలో వాషింగ్ మెషీన్ వేస్తే కింది వాటావాళ్లు మర్నాడు మొహం ముడుచుకుంటారు. కాకినాడలో మా ఇంటి ముందు రాత్రంతా లారీలు తిరిగేవి, వీధి కుక్కలు మొరిగేవి, ఫ్యాను కిర్రుకిర్రుమనేది. ఆ రొదలో ఒళ్లు తెలియకుండా పడుకున్నదాన్ని, ఈ నిశ్శబ్దంలో నిద్ర పట్టక దొర్లుతున్నాను.

ఇది ఎప్పుడు మొదలైందో నాకు బాగా గుర్తు. గత అక్టోబరులో రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. అక్కడ ఉదయం ఆరు. నాన్న పోయారని తమ్ముడు చెప్పాడు. వెళ్లాం, కార్యక్రమాలు ముగించుకుని వచ్చాం. ఫోన్ మళ్లీ ఆ వేళకి మోగలేదు. నా కన్ను మాత్రం రోజూ అదే వేళకి తెరుచుకుంటోంది.

ఈ ఊళ్లో నిద్ర పట్టనివాళ్లలో నేనేమీ మొదటిదాన్ని కాను. 814లో ఇక్కడే చనిపోయి ఇక్కడి కేథడ్రల్‌లోనే ఉన్న షార్లమేన్ చక్రవర్తికీ ఇదే బాధ. ఆయన కొలువులో పనిచేసిన ఐన్‌హార్డ్ రాసిన జీవితచరిత్రలో ఉంది: రాత్రికి నాలుగైదు సార్లు మెలకువ వచ్చేదట, ఊరికే మెలకువ రావడం కాదు, లేచి కూర్చునేవాడట. అక్షరాలు దిద్దుకోవడానికి దిండు కింద పలకలు పెట్టుకునేవాడట. వేసవిలో మధ్యాహ్నం భోంచేసి రెండు మూడు గంటలు బట్టలు విప్పేసి మరీ పడుకునేవాడని కూడా రాశాడు. అది వింటే మా డాక్టరమ్మ ముందు ఆ కునుకు మానేయమనేది.

వసంతంలో అత్తయ్య వచ్చారు, మూడు నెలల వీసా మీద. నా కళ్ల కింద నల్లటి వలయాలు చూసి, మొదటి వారంలోనే సూట్‌కేసులోంచి అల్‌ప్రాజోలాం స్ట్రిప్ తీశారు. "అర ముక్క వేసుకోమ్మా. నేను పదేళ్లుగా వేసుకుంటున్నా, నాకేమైంది?" ఊళ్లో మందుల షాపు అబ్బాయి ఆవిడను చీటీ అడగడు. మా ఆయనది మధ్యేమార్గం: "కొన్నాళ్లు వేసుకుని చూడు, పడకపోతే మానేద్దువు."

పాపకి ఆరేళ్లొచ్చాయి, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఆ మాట అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. అందుకని "వద్దులెండి అత్తయ్యా" అనడమే తప్ప ఎందుకు వద్దో చెప్పలేకపోయాను.

ఇక్కడి సంగతి వేరు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికేవి వలేరియన్ వేరు మాత్రలు, హాప్స్, లావెండర్, రకరకాల నిద్ర టీలు. అన్నీ తాగాను. రాత్రి బాత్రూముకి లేవడం ఎక్కువైంది, అంతే. మేలో వెలుగు కూడా పగబట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకి పొద్దు కుంకితే, ఉదయం ఐదున్నరకే మళ్లీ తెల్లారిపోతుంది. కిటికీలకి బయట దించే షట్టర్లు దొంగల కోసం అనుకునేదాన్ని, ఈ వెలుగు కోసం కూడానని ఇప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ నిద్ర గురించి కాకుండా ముందు ఇంకొకటి అడిగింది: "గర్భం వచ్చే అవకాశం ఉందా?" ఉందన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది.

ఆ ప్రశ్న వింటే నాకు బి.ఎస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసు గుర్తొచ్చింది. మా లెక్చరర్ రెండు చేతులూ పైకెత్తి, "ఇవి ఒకటేనా? ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోతాయా?" అని అడిగేవారు. కుడి ఎడమ అణువులకి ఉదాహరణ థాలిడొమైడ్. ఒక రూపం నిద్ర తెప్పిస్తుంది, రెండోది కడుపులో బిడ్డను పాడుచేస్తుంది. రెండు మార్కుల ప్రశ్న. ఆ మందు ఏ ఊళ్లో తయారైందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆఖెన్‌కి వచ్చిన మూడేళ్లకి తెలిసింది, అది మా ఇంటికి పదకొండు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ష్టోల్‌బెర్గ్ అని.

ఒక శనివారం అత్తయ్యని, పాపని తీసుకుని బస్సెక్కాను. కోట చూడ్డానికి అని చెప్పాను. అబద్ధం కాదు, కోట నిజంగానే ఉంది. గుట్ట మీద కోట, కింద పలకల కప్పుల ఇళ్లు, మధ్యలో ఫిష్ట్ వాగు. ఒకప్పుడు ఇత్తడి పనికి పేరున్న ఊరు. 2021 జూలైలో ఆ వాగే పొంగి ఊరిని ముంచేసింది. అత్తయ్య వంతెన మీద నిలబడి వాగును చూసి, "ఇదా పొంగింది? మా పంట కాలువే దీనికంటే పెద్దది" అన్నారు.

ఈ ఊళ్లో 1946లో మొదలైన గ్రూనెన్‌టాల్ కంపెనీ 1957 అక్టోబరు 1న కాంటర్‌గాన్ పేరుతో థాలిడొమైడ్‌ను అమ్మకానికి పెట్టింది. అంతకుముందు నిద్రమాత్రలంటే బార్బిట్యూరేట్లు. అవీ ఈ దేశపు కెమిస్టుల చేతి చలవే. వాటితో భయం ఏమిటంటే, నాలుగు ఎక్కువైతే ప్రాణం పోతుంది. కాంటర్‌గాన్‌తో అలా కాదు, ఎన్ని మింగినా మనిషి బతికేవాడు. అందుకే దానికి అంత ఆదరణ. చీటీ లేకుండా అమ్మారు, గర్భిణులకీ భయం లేదన్నారు. పిల్లలకి ద్రవరూపంలో కూడా వచ్చింది. అది పట్టి పిల్లల్ని పడుకోబెట్టి పెద్దలు సినిమాకి వెళ్లేవారని దానికి 'సినిమా రసం' అని ముద్దుపేరు.

1961 నవంబరులో హాంబర్గ్ పిల్లల డాక్టరు విడుకింట్ లెంజ్ ఈ మందు మీద వేలెత్తి చూపాడు, ఆ నెలాఖరులోనే అమ్మకం ఆపేశారు. అప్పటికే జర్మనీలో సుమారు ఐదు వేల మంది పిల్లలు పొట్టి చేతులతో, అసలు చేతులే లేకుండా పుట్టారు. నెల తప్పిందో లేదో తేల్చుకునే ఆ కొద్ది రోజుల్లో మింగితే ఒక్క మాత్ర చాలు. నన్ను కూర్చోబెట్టింది ఆ మాటే. నేనిప్పుడున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మా లెక్చరర్ చెప్పినదానికి ఒక చిన్న సవరణ. మంచి రూపాన్ని వేరుచేసి ఇచ్చి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదనుకునేవాళ్లం. కానీ ఒంట్లోకి వెళ్లాక ఒక రూపం కొన్ని గంటల్లోనే రెండోదిగా మారుతుంది. వేరుచేసినా ఆగేది కాదు.

ఊళ్లో ఫ్రాంకెన్‌టాల్ అనే సాంస్కృతిక కేంద్రంలో ఆ పిల్లల స్మారకం ఉంది. పేరు 'జబ్బుపడ్డ బిడ్డ'. 2012 ఆగస్టు 31న ఆవిష్కరించారు. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పింది ఆరోజే, యాభై ఏళ్ల తర్వాత. చాలామంది బాధితులకి ఆ మాటలూ నచ్చలేదు, ఆ బొమ్మా నచ్చలేదు. నేనైనా అంతే అనేదాన్నేమో.

పెద్ద విగ్రహం అనుకుని వెళ్లాను. చిన్నది. కుర్చీలో కూర్చున్న కంచు పాప. చేతులు లేవు. పక్కన ఇంకో కుర్చీ, ఖాళీగా.

మా పాప చుట్టూ తిరిగి చూసి, "దీని చేతులు తిరగవా?" అని అడిగింది. ఎందుకడిగిందో నాకు వెంటనే అర్థమైంది. ఆఖెన్ కేథడ్రల్ దగ్గర బొమ్మల ఫౌంటెన్ ఉంది. దాని మీది కంచుబొమ్మల చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర తిప్పొచ్చు. మా పాప అటు వెళ్లినప్పుడల్లా వాటిని తిప్పందే కదలదు. దాన్ని 1975లో చేసిన బోనిఫాటియుస్ ష్టిర్న్‌బెర్గే ఈ పాపనీ చేశాడు. తనకి ఆ సంగతి తెలియదు. "లేవు నాన్నా" అన్నాను.

అత్తయ్య అడిగితే కథంతా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. తిరుగు బస్సులో సగం దారి వచ్చాక నెమ్మదిగా, "నువ్వు నాకేమైనా చెప్పాలా?" అన్నారు. చెప్పాను. పాప వినకుండా చెప్పడానికి నానా తంటాలు పడ్డాను.

ఆ రాత్రి ఆవిడ తన స్ట్రిప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అయితే నేనూ మానేయనా?" అన్నారు. వద్దన్నాను. పదేళ్లు వాడినది ఒక్కసారిగా ఆపితే అదే ప్రమాదం. ఇంటికెళ్లాక డాక్టరుకి చూపించుకుని కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఆవిడ మాత్ర ఆవిడకి, నా సంగతి నాది. థాలిడొమైడే ఇప్పుడు కుష్ఠులో వచ్చే ఒక బాధకీ, ఎముక మూలుగు క్యాన్సర్‌కీ గట్టి కాపలా మధ్య వాడుతున్నారు. మందును తిట్టి ఏం లాభం?

డాక్టరమ్మ నాకు మాత్రకి బదులు ఒక యాప్ రాసిచ్చింది. సోమ్నియో అని, 2020లో ప్రభుత్వ జాబితాలోకి ఎక్కింది, డబ్బు ఆరోగ్య బీమా కడుతుంది. యాప్‌కి చీటీ ఏమిటని మా ఆయన నవ్వాడు. పద్ధతి మొండిది. రోజూ ఎంత నిద్రపోయానో రాయాలి. నాది సగటున ఐదున్నర గంటలు తేలింది, కాబట్టి మంచం మీద ఉండాల్సింది కూడా అంతే, పన్నెండున్నర నుంచి ఆరు దాకా. మధ్యలో మెలకువ వస్తే దొర్లకూడదు, లేచి వేరే గదిలో కూర్చోవాలి. నిద్ర ఆకలి పెరిగితే నిద్ర దానంతటదే గట్టిపడుతుందని లెక్క. మొదటి వారం నరకం. పోపు మాడ్చాను, పాపని స్కూలు నుంచి తేవడం మర్చిపోయినంత పని చేశాను. రెండో వారం ఏడ్చాను. నాన్న పోయాక అంతసేపు ఏడవడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఐదో వారం. మంచం మీద గడిపే సమయానికి పదిహేను నిమిషాలు కలిపారు. అత్తయ్య వచ్చే వారం ప్రయాణం, ఆవకాయ జాడీ నాకు వదిలేసి వెళ్తారు. నిన్న రాత్రి మెలకువ వచ్చి గడియారం చూస్తే మూడూ యాభై. లేచి వెళ్లి హాల్లో కూర్చుని డైరీలో రాసుకున్నాను.