చెరువులోని చేప చెట్టు నెక్కె!

'మా ఊరు గోదావరి ఒడ్డున ఉన్నది. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, తెరచాప పడవలు...'

ఎనిమిదో తరగతి తెలుగు పరీక్షలో ఆ అమ్మాయి రాసిన వ్యాసం ఇలా మొదలైంది. పదికి తొమ్మిది మార్కులు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, ఒక్క తాత తప్ప. ఎందుకంటే వాళ్లది మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు. అక్కణ్నుంచి గోదావరిని చూడాలంటే బస్సెక్కి చాలాదూరం పోవాలి!

"గిది ఎవరి ఊరు బిడ్డా?"

"గైడ్ల గట్లనే ఉన్నది తాతా!"

తాత తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. ఆయనకు కోపం రాలేదు, భయం వేసింది. రోజూ చెరువు కట్టమీదుగా సైకిల్ తొక్కుకుంటూ బడికెళ్లే పిల్లకి, ఊరి గురించి రాయమంటే ఆ చెరువే గుర్తుకు రాలేదు మరి.

మర్నాడు పొద్దున్నే గుమ్మం పక్కన మేకుకి ఓ పాత పలక వేలాడింది. దానిమీద సుద్దముక్కతో ఒకే ఒక్క వాక్యం: 'చెరువులోని చేప చెట్టు నెక్కె.'

"చేప చెట్టెట్ల ఎక్కుతది?"

"గదే నువ్వు చెప్పాలె. పొద్దుగూకే దాక టైమున్నది."

తాత కొత్తగా కనిపెట్టిందేం కాదిది. మన అవధానాల్లోని సమస్యాపూరణమే. పృచ్ఛకుడు పద్యంలో చివరి పాదం మాత్రం ఇస్తాడు. వినగానే అది అసంబద్ధంగా ఉండాలి. మిగతా మూడు పాదాలూ కవి అల్లి, ఆ తిక్క మాటకి అర్థం తెప్పించాలి. ఛందస్సు తప్పకూడదు, యతి కుదరాలి, వృత్తమైతే ప్రాస కూడా. దీనికి తోడు దత్తపది ఒకటి... పొంతనలేని నాలుగు మాటలిచ్చి, వాటితో భారతంలోని ఘట్టం చెప్పమంటారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. ఆ తర్వాత ఆకాశవాణి సమస్యలిస్తే శ్రోతలు పోస్టుకార్డుల మీద పూరణలు పంపేవారు. తమ పేరు రేడియోలో వినబడితే ఆ వారమంతా పండగే! వరంగల్‌కు చెందిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు కంది శంకరయ్య 'శంకరాభరణం' పేరుతో ఇంటర్నెట్‌లో రోజుకో సమస్య ఇచ్చే ఆనవాయితీ పెట్టారు.

తాత పలకమీద రాసింది ఆటవెలది చివరి పాదం. మొదటి అక్షరం 'చె', నాలుగో గణం మొదట్లోనూ 'చె'. యతి చక్కగా కుదిరింది. అయితే మనవరాలికి ఛందస్సు మాఫీ. వచనంలో చెప్పినా చాలు.

మొదటిరోజు సాయంత్రం జవాబు 'తెల్వదు'. రెండోరోజూ అంతే. గైడంతా తిరగేసినా చేప దొరకలేదు. మూడోరోజు బడినుంచి వస్తూ కట్టమీద సైకిల్ ఆపి, చాలాసేపు నిలబడిందట.

"లకుముకి పిట్ట చేపను కరుసుకొని పోయి తుమ్మచెట్టు మీద కూసున్నది. అంటే చేప ఎక్కినట్టే గదా తాతా?"

తాత తల ఊపారు. ఆయన అనుకున్నదీ ఆ పిట్టనే.

"ఇంకోటి కూడా ఉన్నది. నీళ్లల్ల చెట్టు నీడ పడ్డది. చేప ఈదుకుంట పోయి కొమ్మ మీదికి ఎక్కింది."

ఇది మాత్రం తాతకి తట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అప్పట్నుంచీ పలక ఖాళీగా లేదు. ఓరోజు సమస్య, ఓరోజు నాలుగు మాటలు: తంగేడు, బోరింగు, పోస్టుకార్డు, పిల్లి. ఇంకోరోజు సగం కథ. వీటికి మార్కులొస్తాయా అని పాప నాన్న గొణుగుడు. పాపం ఆయన బాధ ఆయనది, పదో తరగతి దగ్గర పడుతోంది కదా! తాత మాత్రం పలక తుడుస్తూ మనవరాలికి దాశరథి సంగతి చెప్పారు. దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టిన చినగూడూరు ఇదే జిల్లాలో ఉంది. నిజాం పాలనలో జైల్లో పెడితే, కాగితం లేక బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారాయన. పోతన ఊరు బమ్మెర పక్కనే జనగామ జిల్లాలో. పద్యం మధ్యలో ఆగిపోతే సాక్షాత్తూ స్వామే వచ్చి పూర్తిచేశాడని చెప్పుకుంటారు. "గట్లయితే దేవుడు గూడ సమస్య పూరించిండన్నట్టు!" అంది పాప.

వార్షిక పరీక్షలో మళ్లీ 'మా ఊరు' వ్యాసమే వచ్చింది. ఈసారి చెరువు రాసింది, కట్ట రాసింది, తుమ్మచెట్టునీ లకుముకి పిట్టనీ రాసింది. పదికి ఆరు వచ్చాయి.

"గోదారికి తొమ్మిది, మన చెరువుకు ఆరేనా తాతా?"

తాత దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆయన సరిగా నిద్రపోలేదు. రేపట్నుంచి పలక మానేస్తానంటుందేమోనన్న దిగులు. తెల్లారి లేచి చూస్తే మేకుకి పలక ఉంది. దానిమీద రాత తనది కాదు.

'తొమ్మిది కన్న ఆరు పెద్దది.'

గణాలు తప్పాయి. యతి లేదు. అయినా తాత దిద్దలేదు. పడక్కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, పలకవైపు చూస్తూ కూర్చున్నారు.

"పొద్దుగూకే దాక టైమున్నది!" లోపల్నుంచి కేక వినబడింది.