ఒక్క లెక్కతో మొదలు

మారాలని అందరికీ ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే చిక్కు.

మేము పదో తరగతి వాళ్ళం పదకొండు మందిమి. లెక్కలంటే అందరికీ భయమే. ఫెయిలైతే ఇంటి దగ్గర కూలిపని ఎదురుచూస్తోంది. అందుకని పెద్ద ఒట్లేమీ పెట్టుకోలేదు. తెల్లవారుజామున 5 గంటలకు లేచి రోజుకు ఒక్క లెక్క. ముందు లేచినవాడు పక్కవాణ్ణి లేపాలి, వచ్చినవాడు రానివాడికి చెప్పాలి. అంతే.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వాళ్ళు మొదట ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. మా గుట్ట ఆ ఒక్క లెక్క. ఇప్పుడు బోర్డు దగ్గరికి రమ్మంటే మాలో ఎవరూ తల దించుకోవడం లేదు.

తమ్ముళ్ళారా! ఈ రాత్రే పక్కవాడికి చెప్పి పడుకోండి, "రేపు నన్ను లేపు" అని.